మందార ఆకు నీలం-నలుపుకి తిరగట్లేదు: పిండిపదార్థం పరీక్షలో ఎక్కడ తేడా కొడుతోంది?

బడి_ల్యాబ్:

పదో తరగతి పోషణ పాఠానికి ఆకులో పిండిపదార్థం పరీక్ష (అయోడిన్ వేస్తే పిండి ఉన్న చోట నీలం-నలుపు రావాలి) చేసి చూపించాలి. చేస్తున్నాం గానీ పుస్తకంలో బొమ్మలా రావట్లేదు. పద్ధతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎక్కడ తేడా కొడుతోందో తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటిది, కుండీలో మందార. రెండు రోజులు కిటికీలు మూసిన గదిలో ఉంచి, మూడో రోజు 9 గంటలకి ఎండలో పెట్టి, 10.15కి ఆకు కోశాం. మరిగే నీళ్లలో ఒక నిమిషం. తర్వాత వేడినీళ్ల బీకరులో నిలబెట్టిన పరీక్షనాళికలో, స్పిరిట్ దొరక్క, చేతులకి రాసుకునే శానిటైజర్ పోసి (జెల్ కాదు, నీళ్లలా ఉండేది) అయిదు నిమిషాలు. ఆకు తెల్లబడలేదు, లేత ఆకుపచ్చగానే మిగిలింది. వేడినీళ్లలో ముంచి తీసి వెంటనే అయోడిన్ వేస్తే అంతా గోధుమ రంగు.

రెండోది, తోటలో మందారకే ఒక ఆకుకి రెండు వైపులా నల్ల కాగితం పట్టీ పెట్టి క్లిప్పులు పెట్టాం. ఈ మొక్కని చీకట్లో పెట్టే వీల్లేదు కదా. సాయంత్రం కోసి చూస్తే బయట భాగం బాగా నల్లబడింది, కానీ కాగితం కింద కూడా నీలం వచ్చింది. వెలుతురు లేకుండా పిండిపదార్థం ఎలా వచ్చిందని పిల్లలు పట్టుకున్నారు.

మూడోది సందేహం. సమీకరణంలో గ్లూకోజ్ అని రాయిస్తాం, పరీక్ష మాత్రం పిండిపదార్థానికి చేస్తాం. గ్లూకోజ్‌కే ఎందుకు చెయ్యం?

పత్రహరితం:

టీచర్ గారూ, మీ మొదటి ప్రయోగంలో ఒక తప్పు కాదు, మూడు కలిశాయి. అందుకే దేనివల్ల పోయిందో తేలట్లేదు.

అన్నిటికంటే పెద్దది టైము. రెండు రోజులు చీకట్లో ఉన్న ఆకు ఎండలోకి రాగానే పూర్తి వేగంతో పని మొదలుపెట్టదు. పత్రరంధ్రాలు తెరుచుకోవాలి, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైములు వెలుతురుకి చురుకవ్వాలి. దీనికే కొంత సేపు పోతుంది. ఆ తర్వాత తయారైన చక్కెరలో మొదటి వాటా మొక్క రోజువారీ అవసరాలకి, వేర్లకి, చిగుళ్లకి వెళ్తుంది. మిగిలింది ఆకులో పిండిపదార్థంగా పోగవుతుంది. గంటంబావుకి మీకు దొరికేది అంతంత మాత్రం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో మూడు రోజులు చీకటి, ఆరు గంటల ఎండ అని రాసింది ఊరికే కాదు. మందారలాంటి పల్చటి ఆకుకి 48 గంటల చీకటి చాలు, కానీ ఎండ మాత్రం 4 నుంచి 6 గంటలు ఉండాల్సిందే. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఎక్కువ.

బడికి వీలుగా ఇలా పెట్టుకోండి: శుక్రవారం సాయంత్రం మొక్కకి నీళ్లు పోసి చీకట్లో పెట్టండి. సోమవారం బడి తెరవగానే ఒక ఆకు కోసి పక్కన పెట్టి, కుండీని ఎండలోకి మార్చండి. పరీక్ష చివరి పీరియడ్‌లో. ఉదయం కోసిన ఆకుని కూడా అప్పుడే పక్కపక్కన పరీక్షించండి. ఆ ఆకుని కోసిన వెంటనే ఒక నిమిషం మరిగే నీళ్లలో ముంచి స్పిరిట్‌లో వేసేస్తే సాయంత్రం దాకా మారకుండా ఉంటుంది. ‘ముందు లేదు, ఇప్పుడు ఉంది’ అని చూపించనిదే ప్రయోగం పూర్తి కాదు. చాలా బడుల్లో ఈ మొదటి ఆకుని వదిలేస్తారు. అది లేకపోతే సాయంత్రం వచ్చిన నీలం ఈ రోజుదో మొన్నటిదో ఎవరూ చెప్పలేరు.

గదికి కిటికీలు మూస్తే సరిపోదు. పగుళ్లలోంచి వచ్చే వెలుతురు, మధ్యలో ఎవరో వేసే ట్యూబులైటు కూడా లెక్కే. కుండీ మీద పెద్ద అట్టపెట్టె బోర్లించి, కింద అంచులకి నల్లగుడ్డ కట్టండి. చీకట్లో ఉన్నప్పుడు మొక్క ఊపిరి ఆపదు, పెరుగుదల కూడా పూర్తిగా ఆగదు. ఆ ఖర్చుకి ఆకులో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి వాడుకుంటుంది, బయటికి పంపిస్తుంది. చీకట్లో పెట్టడం వెనకున్న పని అదే.

రెండో తప్పు శానిటైజర్, మూడోది వేడి ఆకు మీద అయోడిన్. ఆ రెండూ రసాయనం వైపు వాళ్లు ఇంకా బాగా చెబుతారు.

పరీక్షనాళిక:

రసాయనం వైపు నేను చెబుతాను.

ద్రవరూపం శానిటైజర్లో ఆల్కహాల్ 70 నుంచి 80 శాతం. మిగతాది నీరు, కొద్దిగా గ్లిజరిన్. పత్రహరితం నీళ్లలో కరగదు. నీటి పాలు పెరిగిన కొద్దీ ఆల్కహాల్ దాన్ని లాగే శక్తి పడిపోతుంది. అందుకే మీ ఆకు లేతపచ్చగా మిగిలింది. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్, పెయింట్ షాపులో డీనేచర్డ్ స్పిరిట్ దొరుకుతాయి. రెండోదాంట్లో మిథనాల్ కలిసి ఉండొచ్చు కాబట్టి తలుపులు తెరిచి పెట్టండి, ఆవిరి పీల్చనివ్వకండి.

మంట సంగతి. ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే మరిగించి దించిన నీళ్లే దాన్ని మరిగించడానికి చాలు. ముందు బీకరులో నీళ్లు మరిగించండి, స్టవ్ లేదా బర్నర్ పూర్తిగా ఆపండి, ఆ తర్వాతే స్పిరిట్ సీసా మూత తియ్యండి. ఈ వరస తిరగబడకూడదు. స్పిరిట్ ఆవిరి గాలికంటే బరువు, బల్ల మీదుగా జారుకుంటూ పోయి మీటరు దూరంలో ఉన్న మంటని కూడా అందుకోగలదు. నాళికలో మూడో వంతుకి మించి పొయ్యకండి, ఎగదన్నుతుంది. ఒకవేళ నాళిక మూతి దగ్గర అంటుకుంటే ఊదకండి. తడిగుడ్డ కప్పితే ఆరిపోతుంది.

మందారకి 8 నుంచి 10 నిమిషాలు. స్పిరిట్ చిక్కటి ఆకుపచ్చగా మారి ఆకు ఇంకా పచ్చగానే ఉంటే, ఆ స్పిరిట్ తీసేసి కొత్తది పోసి బీకరులో నీళ్లు కూడా మార్చండి. పాతదాంట్లోనే ఇంకో పావుగంట ఉంచడం దండగ. తీసిన పచ్చ స్పిరిట్‌ని పారబొయ్యకండి. నోట్లు చూసే అతినీలలోహిత టార్చి వేస్తే అది రక్తంలా ఎర్రగా వెలుగుతుంది. పత్రహరితం తాగిన వెలుతురుని వాడుకునే యంత్రాంగం పక్కన లేకపోతే అందులో కొంత ఇలా ఎర్రటి కాంతిగా వదిలేస్తుంది. క్లాసులో రెండు నిమిషాల పని, పిల్లలు మర్చిపోరు.

ఇక అయోడిన్. మంచినీళ్లలో అయోడిన్ దాదాపు కరగదు, పొటాషియం అయొడైడ్ ఉంటేనే కరుగుతుంది. కొలత: పొటాషియం అయొడైడ్ 2 గ్రాములు, అయోడిన్ స్ఫటికాలు 1 గ్రాము, నీళ్లు 300 మి.లీ. ముందు అయొడైడ్‌ని 10 మి.లీ. నీళ్లలో కరిగించి, ఆ చిక్కటి ద్రావణంలో అయోడిన్ వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, అప్పుడు మిగతా నీళ్లు పొయ్యాలి. అన్నీ ఒకేసారి వేస్తే స్ఫటికాలు అడుగున కూర్చుంటాయి, పైన గడ్డి రంగు నీళ్లే మిగుల్తాయి. గోధుమరంగు గాజు సీసాలో పొయ్యండి. రబ్బరు బిరడా, ఇనప మూత వద్దు, రెంటినీ తినేస్తుంది. వాడేముందు ప్రతిసారీ ఒక అన్నం మెతుకు మీద చుక్క వేసి చూడండి. మెతుకు నల్లబడకపోతే ఆకుని అనుమానించక్కర్లేదు.

వేడి ఆకు మీద వెయ్యొద్దని ఎందుకన్నారంటే: పిండిపదార్థంలో అమైలోజ్ గొలుసు మెలి తిరిగి ఉంటుంది, ఆ మెలిక లోపల అయోడిన్ వరసగా దూరి కూర్చుంటేనే నీలం. వేడికి ఆ మెలిక వదులైపోయి రంగు పోతుంది. గంజిలో అయోడిన్ వేసి వేడిచేస్తే నీలం మాయమై, చల్లారితే మళ్లీ వస్తుంది. మీ ఆకుని చల్లటి నీళ్లలో కడిగి, తెల్లటి పలకమీద పరిచి, ఆకంతా తడిసేలా అయోడిన్ పోసి మూడు నాలుగు నిమిషాలు ఆగండి. తర్వాత ఎక్కువైన అయోడిన్‌ని చన్నీళ్లతో కడిగేసి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. కడక్కపోతే ఆకంతా గోధుమ రంగే కనిపిస్తుంది, అడుగున నీలం ఉన్నా తెలియదు.

అయోడిన్ స్ఫటికాలు దొరక్కపోతే గాయాలకు రాసే పొవిడోన్ అయోడిన్ ద్రావణం పనికొస్తుంది. 10 శాతం అని రాసి ఉన్నదాన్ని ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలపండి. ఆయింట్‌మెంట్ కాదు, నురగ వచ్చే స్క్రబ్ కాదు, ఒట్టి ద్రావణమే. అయోడిన్ ఉప్పుతో అవుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. అవ్వదు. అందులో ఉన్నది అయొడేట్, విడి అయోడిన్ కాదు.

నల్లబల్ల:

ఆకుని ముందు నీళ్లలో ఉడికించడం దేనికని అడిగితే ‘చంపడానికి’ అని ఒక ముక్కలో రాయిస్తారు. నాలుగు పనులు జరుగుతాయి అక్కడ. కణాలు చచ్చి లోపలి రసాయన మార్పులు ఆగిపోతాయి. పొరలు పగిలి స్పిరిట్‌కీ అయోడిన్‌కీ దారి దొరుకుతుంది. పిండి రేణువులు ఉబ్బి అయోడిన్‌ని తొందరగా పట్టుకుంటాయి. ఇక నాలుగోది, నీళ్లలో కరిగే ఎర్ర రంగు ఉంటే అది ఇక్కడే దిగిపోతుంది.

ఈ నాలుగోదానికి కోలియస్, ఎర్ర తోటకూర మంచి ఉదాహరణలు. ఎర్రగా ఉన్న చోట పత్రహరితం లేదని పిల్లలు అనుకుంటారు. మరిగే నీళ్లలో వెయ్యగానే నీళ్లు గులాబీ రంగు తిరిగి, ఆకు ఆకుపచ్చగా బయటపడుతుంది. ఎరుపు మాటున పచ్చదనం ఉంది కాబట్టే ఆ భాగం కూడా ఆహారం తయారుచేస్తుంది.

పత్రహరితం ఉన్న చోటే పిండి వస్తుందని చూపే మచ్చల ఆకు ప్రయోగానికి పుస్తకంలో మనీ ప్లాంట్, క్రోటన్ అన్నారు గానీ, రెండింటికీ పైన మైనపు పొర మందం. స్పిరిట్ నెమ్మదిగా దిగుతుంది, అయోడిన్ ఇంకా నెమ్మదిగా. పావుగంట స్పిరిట్‌లో ఉంచాక కూడా మచ్చలు మచ్చలుగా వస్తే మొక్కది కాదు, పొరది తప్పు. తెల్ల మచ్చల మందార, తెల్ల అంచు ఉన్న కాగితప్పూల ఆకు అయితే పల్చగా ఉండి చక్కగా వస్తాయి. ఉడికించేముందు ఆకుని తెల్లకాగితం మీద పెట్టి అంచు గీసి, పచ్చ భాగాల హద్దులు గుర్తించుకోవడం మర్చిపోకండి. స్పిరిట్‌లోంచి వచ్చాక ఆకంతా తెలుపే, పోల్చడానికి ఇంకేం ఉండదు.

ఉల్లికాడ జోలికి వెళ్లకండి. ఉల్లి జాతి ఆకుల్లో పిండిపదార్థం దాచుకోదు, చక్కెరలుగానే ఉంచుకుంటుంది. ఎంత ఎండలో పెట్టినా గోధుమ రంగే. మొక్కజొన్న సి4 మొక్క (కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే పద్ధతి వేరు), దాంట్లో పిండిపదార్థం ఈనెలని చుట్టుకుని ఉండే కణాల్లోనే పేరుతుంది కాబట్టి ఆకు మీద సన్నటి నీలి గీతలు కనిపిస్తాయి. తెలిసి చేస్తే అదొక మంచి పాఠం. తెలియక చేస్తే ‘సరిగ్గా రాలేదు’ అని పారేస్తారు.

పత్రహరితం:

నల్లబల్ల గారి లిస్టుకి ఒకటి కలుపుతాను. భూతద్దం కాదు, మైక్రోస్కోపు ఉంటే చీకట్లో ఉంచిన ఆకు అడుగుపొరని ఒలిచి అయోడిన్ వేసి చూడండి. పొరంతా లేతగా ఉంటుంది. కానీ పత్రరంధ్రానికి అటూ ఇటూ ఉన్న రక్షక కణాల్లో మాత్రం నీలి చుక్కలు చాలా మొక్కల్లో కనిపిస్తాయి. మిగతా ఆకు నిల్వలు ఖాళీ చేసినా రక్షక కణాలు తమ పిండిని అంత తేలిగ్గా వదలవు. రంధ్రం తెరవడానికి వాటికి ఆ సరుకు కావాలి.

ఇక రెండో ప్రశ్న. కాగితం కింద నీలం రావడానికి కారణం తేలికే. ఆ ఆకులో నిన్నటి పిండిపదార్థం ఇంకా ఉంది. తోటలో మొక్కని చీకట్లో పెట్టలేకపోతే ఒక కొమ్మని చాలు. రెండు పొరల నల్లగుడ్డ సంచి తొడిగి (ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల ఉడికిపోతుంది) రెండు రోజులు ఉంచండి. లేదా కాగితం పట్టీనే రెండు రాత్రులు, రెండు పగళ్లు ఉంచేసి మూడో రోజు సాయంత్రం కొయ్యండి. పట్టీ కింద నిల్వ ఖర్చయిపోతుంది, బయట మాత్రం రోజూ నిండుతుంది.

కానీ ఇక్కడ పిల్లలు అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది, ఎవరూ అడగరు. నల్ల కాగితం రెండు వైపులా బిగించి క్లిప్పు పెడితే అది వెలుతురునే కాదు, గాలిని కూడా ఆపుతుంది. పిండిపదార్థం రాకపోవడానికి వెలుతురు లేకపోవడం కారణమా, కార్బన్ డయాక్సైడ్ అందకపోవడమా? ఆ ప్రయోగంతో తేలదు. గానాంగ్ కాంతి తెరకి (ఆకులో కొంత భాగానికి వెలుతురు అడ్డుకునే ల్యాబ్ పరికరం) గాలి ఆడే ఏర్పాటు పెట్టింది ఇందుకే. అది లేకపోతే అదే ఆకుకి పక్కన ఇంకో పట్టీ, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుది, అంతే బిగువుగా పెట్టండి. దాని కింద నీలం వచ్చి, నల్ల పట్టీ కింద రాకపోతే అప్పుడు వెలుతురు మీద తీర్పు చెప్పొచ్చు.

ఇంకా బాగుండాలంటే ఓహెచ్‌పీ షీటు మీద పెద్ద నల్ల అక్షరం ప్రింటు తీయించి, రెండు షీట్లు ఒకదానిమీద ఒకటి సరిపెట్టి (ఒక్క పొర నలుపులోంచి వెలుతురు కారుతుంది) ఆకు పైన పెట్టండి. పారదర్శక భాగం, నల్ల భాగం ఒకే షీటులో ఉన్నాయి, బిగువు ఒకటే, గాలి ఒకటే, తేడా వెలుతురొక్కటే. సాయంత్రానికి ఆకు మీద అక్షరం తేలుతుంది.

బడి_ల్యాబ్:

చాలా విషయాలు తెలిశాయి, థాంక్సండి. అర్ధపత్ర ప్రయోగానికి (ఆకులో సగాన్ని కార్బన్ డయాక్సైడ్ లేని సీసాలో పెట్టేది) కూడా ఇదే లెక్క వర్తిస్తుందా? మా దగ్గర వెడల్పు మూతి సీసా, చీల్చిన బిరడా ఉన్నాయి. ఇంకోటి, ఒక అబ్బాయి కంచెమీది బంగారు తీగ తెచ్చాడు. ఊరికే దాని కాండం అడ్డంగా కోసి అయోడిన్ వేస్తే నీలం వచ్చింది. అది పరాన్నజీవి అని ఇప్పుడే చెప్పాను, మరి ఇది ఆహారం తయారుచేసుకున్నట్టేనా అంటున్నాడు.

పరీక్షనాళిక:

మోల్ అర్ధపత్ర ప్రయోగం చెడిపోయేది ఎక్కువగా మూడు చోట్ల.

ఒకటి, ఆకుని ముందు చీకట్లో పెట్టకపోవడం. అది పైన చెప్పేశారు.

రెండోది, బిరడా చీలికలో సందు. సీసా లోపల పొటాషియం హైడ్రాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి కార్బొనేటుగా మారుతుంది. చీలికలోంచి బయటి గాలి దూరుతూ ఉంటే ఆకు ఆ కొద్దిపాటి దాన్నే వాడుకుంటుంది. గాలిలో ఉన్నదే మొత్తం 0.04 శాతం కదా, అంత పల్చటి సరుకుతోనే లోకంలో అడవులన్నీ పెరిగాయి. చీలికకి రెండు వైపులా వాజలీను పట్టించి మూసెయ్యండి. బిరడాని అతిగా బిగిస్తే ఆకు ఈనెలు నలిగి లోపలి సగానికి నీళ్లు అందవు. అప్పుడు పిండిపదార్థం రాకపోయినా అది వాడిపోవడం వల్లే కావచ్చు.

మూడోది, ద్రావణం ఆకుకి తగలడం. సీసా అడుగున ఒక అంగుళం లోపే పొయ్యండి, సీసాని పడుకోబెట్టేటట్టయితే ఇంకా తక్కువ. అది చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల చేత పోయించకండి. పక్కనే ఇంకో సీసాలో ఒట్టి నీళ్లు పోసి అలాంటి ఆకునే పెట్టండి. ఆ సీసా ఉంటేనే ‘సీసాలో మూసినందువల్ల’ అనే వాదన కొట్టేయొచ్చు. సున్నపు తేట వాడదామా అంటారు. అది కార్బన్ డయాక్సైడ్ ఉందని చూపించడానికి సరిపోతుంది, సీసాని ఖాళీ చేసేంత బలం దానికి లేదు.

పత్రహరితం:

బంగారు తీగ ప్రశ్న అడిగిన అబ్బాయి మొత్తం ప్రయోగానికి ఆయువుపట్టు పట్టుకున్నాడు. అయోడిన్ చెప్పేది ఒక్కటే: ఇక్కడ పిండిపదార్థం ఉంది. ఎక్కడ తయారైందో అది చెప్పదు. మట్టిలో పెరిగిన బంగాళాదుంపకి అయోడిన్ వేస్తే ఆకుకంటే నల్లగా వస్తుంది, ఒక్క కిరణం చూడకుండా. ఆకుల్లో తయారైన చక్కెర సుక్రోజ్ రూపంలో పోషకకణజాలం గుండా కిందకి వచ్చి దుంపలో పిండిగా మారింది. బంగారు తీగలోనూ అంతే, కాకపోతే చక్కెర పొరుగు మొక్కది.

ఇది ఆకుతోనే చూపించొచ్చు. చీకట్లో ఉంచి ఖాళీ చేసిన మందార ఆకులోంచి రూపాయి బిళ్లంత ముక్కలు కొన్ని కత్తిరించండి. సగం ముక్కల్ని ఒట్టి నీళ్లమీద, మిగతా సగాన్ని 5 శాతం పంచదార నీళ్లమీద (100 మి.లీ.కి 5 గ్రాములు) తేలేసి, రెండూ చీకట్లోనే రెండు రోజులు ఉంచండి. పంచదార నీళ్లమీది ముక్కలు నీలం తిరుగుతాయి. వెలుతురు లేదు, కిరణజన్య సంయోగక్రియ లేదు, అయినా పిండి ఉంది. చక్కెర అందితే ఆకు దాన్ని పిండిగా పేర్చుకోగలదు. వెలుతురు కావలసింది చక్కెర కట్టడానికి.

దీంతో మీ మూడో ప్రశ్నకీ వచ్చేస్తాం. హరితరేణువులోంచి (ఆకు కణంలో పత్రహరితం ఉండే భాగం) నేరుగా వచ్చేది గ్లూకోజ్ కాదు. మూడు కార్బన్ల చక్కెర ఫాస్ఫేటు. అందులో ఒక వాటా రేణువు దాటి బయటికి వచ్చి సుక్రోజ్ అవుతుంది, అదే మొక్కంతా ప్రయాణించేది. ఇంకో వాటా రేణువులోనే పిండిపదార్థం అవుతుంది. పగలు పేర్చుకున్న ఆ పిండిని రాత్రి విడగొట్టి వాడుకుంటుంది. సమీకరణంలో గ్లూకోజ్ అని రాయడం లెక్క సులువుగా తేలడానికి.

ఒకవేళ గ్లూకోజ్‌కే పరీక్ష చెయ్యాలన్నా ఇబ్బందులున్నాయి. మరిగే నీళ్లలో వెయ్యగానే చక్కెరలన్నీ కరిగి బయటికి వచ్చేస్తాయి. ఆకులో ఏ భాగంలో ఎంత ఉందో ఇక కనిపెట్టలేం. పిండి కదలదు, తయారైన చోటే ఉండిపోతుంది, అందుకే ఆకు మీద బొమ్మలా కనిపిస్తుంది. పైగా గ్లూకోజ్ పరీక్షకి వాడే బెనెడిక్ట్ ద్రావణం సుక్రోజ్‌ని పట్టుకోదు, ముందు ఆమ్లంతో ఉడికించి విడగొట్టాలి. ఆకు రసంలో ఎరుపు వచ్చినా అది ఇప్పుడు తయారైనదో, కణం వాడుకుంటున్నదో తెలియదు. పిండికీ వెలుతురుకీ సంబంధం 1860లలో జర్మనీలో యూలియస్ సాక్స్ తేల్చాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా బడుల్లో ఇదే పద్ధతి నిలిచింది.

సమీకరణం మాట వచ్చింది కాబట్టి: నీళ్లు 6 అణువులని కాకుండా ఎడమవైపు 12, కుడివైపు 6 అని రాయించండి. విడుదలయ్యే 6 ఆక్సిజన్ అణువుల్లో 12 పరమాణువులుంటాయి. అవన్నీ నీళ్లలోంచి వచ్చినవే, కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు. 1941లో రూబెన్, కామెన్ బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో ఇది చూపించారు. ఎడమవైపు 12 నీటి అణువులు ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది.

మెట్టపైరు:

బంగారు తీగ సంగతి పొలం వైపు నుంచి నాలుగు మాటలు. కృష్ణా, గుంటూరు వైపు వరి మాగాణుల్లో వేసే మినుము, పెసరలో ఇది పెద్ద తలనొప్పి. విత్తనం నేలలో ఏళ్ల తరబడి ఉండిపోయి, తడి తగిలినప్పుడు మొలుస్తుంది. మొలక దారంలా లేచి గాలిలో చుట్టూ వెతుకుతుంది. దానికి చెప్పుకోదగ్గ వేరు లేదు, ఆకుల్లేవు, విత్తనంలో ఉన్న కాస్త సరుకుతో కొద్ది రోజులే నిలబడగలదు. ఈ లోపు పైరు దొరికితే చుట్టుకుని, కాండంలోకి హాస్టోరియాలు (పీల్చుకునే వేర్లలాంటివి) దింపుతుంది. అవి నీటినాళాలకీ, చక్కెర నాళాలకీ రెంటికీ అతుక్కుంటాయి. ఆ తర్వాత నేలతో సంబంధం తెగిపోతుంది. చుట్టుకున్న చోట తీగని మెల్లగా లాగి విప్పితే కాండం మీద వరసగా చిన్న బుడిపెలు కనిపిస్తాయి, పిల్లలకి అవే చూపించండి. కంచెలమీద ఉండే లావుపాటి రకంలో లేతగా పచ్చదనం కూడా ఉంటుంది, కానీ దానితో అది బతకలేదు.

పరాన్నజీవి అనగానే అన్నీ ఒకటి కావు. మామిడి కొమ్మలమీద బదనికకి నిండుగా పచ్చటి ఆకులుంటాయి. అది నీళ్లు, లవణాలు చెట్టు నుంచి తీసుకుని చక్కెర చాలావరకు తనే కట్టుకుంటుంది. పొగాకు మల్లెకి పత్రహరితం బొత్తిగా లేదు, పొగాకు వేరుకి తగులుకుని అన్నీ దాని నుంచే లాగుతుంది. పుట్టగొడుగు వీటిలో దేనికిందకీ రాదు. అది కుళ్లుతున్న గడ్డి మీద ఎంజైములు వదిలి, బయటే జీర్ణం చేసి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది, పూతికాహారి.

ఇంకో మాట. ఎరువుని మొక్కకి ఆహారం అనడం మా వైపు అందరికీ అలవాటే. పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది. యూరియాలో మొక్క వాడుకునేది నత్రజని. అది పత్రహరితానికీ, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైముకీ ముడిసరుకు. మొక్క ఎండు బరువులో 45 శాతం దాకా కార్బన్, అదంతా గాలిలోంచి వచ్చిందే. వాన్ హెల్మాంట్ అనే పాతకాలం శాస్త్రవేత్త 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లయింది, మట్టి తగ్గింది 2 ఔన్సులు. ఆయన అదంతా నీళ్లే అనుకున్నాడు, గాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ 2 ఔన్సులనీ పట్టించుకోలేదు, మనం పొలంలో వేసే ఎరువులు భర్తీ చేసేది ఆ వాటానే. ఆకులు పసుపెక్కితే ఎక్కడ మొదలైందో చూడండి. ముదురాకుల్లో అయితే నత్రజని గానీ, పత్రహరితం అణువు నడుమ ఉండే మెగ్నీషియం గానీ తక్కువ. ఈ రెంటినీ మొక్క పాత ఆకుల్లోంచి లాగి చిగుళ్లకి పంపగలదు. ఇనుముని అలా పంపలేదు, అందుకే ఇనుము లోపం చిగురాకుల్లో ముందు కనిపిస్తుంది.

టీచర్ గారూ, ఆ అబ్బాయి తెచ్చిన తీగ ముక్కల్ని బడి తోటలోనో, చెత్తకుప్ప పక్కనో వెయ్యనివ్వకండి. బెత్తెడు ముక్క పచ్చి మొక్క మీద పడినా మళ్లీ చుట్టుకుంటుంది. కాయలుంటే ఇంకా ప్రమాదం. కాగితంలో మూటకట్టి, ఎండబెట్టి కాల్చెయ్యండి.